రెండో ఆదివారం, నాలుగో ఆదివారం

ధనరాజ్ శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగేసరికే నీలం చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముందురోజు సాయంత్రం రాయపూర్ నుంచి లోడుతో వచ్చి, సాలూరులో బండి అప్పగించి, ఇంటికి వెళ్లి పడుకున్నాడన్న మాటే గాని సరిగా నిద్ర పట్టలేదు. లారీ దిగాక కూడా చాలాసేపు ఒళ్లు ఊగుతున్నట్టే ఉంటుంది అతనికి. తెల్లవారుతుండగా లేచి విజయనగరం బస్సెక్కాడు. అక్కడ మారి ఇక్కడికి చేరాడు.

నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం. పొద్దున్న పది నుంచి రెండు దాకా. కూతుర్ని చూసుకోవడానికి కోర్టువారు ఇచ్చిన సమయం అది. అతనుండేది సాలూరు. భార్య ఈశ్వరి కూతుర్ని తీసుకుని పుట్టింటికి, నౌపడకి వెళ్లిపోయింది. రెండూళ్లకీ మధ్యలో ఉంటుందని శ్రీకాకుళం అన్నారు. ఎక్కడ కలవాలంటే మున్సిపల్ పార్కులో అన్నారు. కాగితం మీద అది బాగానే కనిపించి ఉంటుంది.

ఎందుకు విడిపోయారని ఎవరైనా అడిగితే ధనరాజ్ దగ్గర గట్టి జవాబు లేదు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు, ఇంకో మనిషి లేదు. రాయపూర్ లైను మీద తిరిగే డ్రైవరు ఇంట్లో ఉండేది తక్కువ. రేపొస్తానన్నవాడు ఎల్లుండికి వస్తాడు, పండక్కి వస్తానన్నవాడు పండగ వెళ్లాక వస్తాడు. పాపకి అయిదో ఏట నిమ్ము చేసి ఊపిరాడకపోతే ఈశ్వరి ఒక్కతే భుజాన వేసుకుని విజయనగరం ఆసుపత్రికి పరిగెత్తింది. అతను వచ్చేసరికి పాప ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ఈశ్వరిని ఒక్క మాటా అననివ్వకుండా అతనే, "నానేటి సరదాకి తిరుగుతన్నానా?" అన్నాడు. ఆ తర్వాత ఏ మాటా కుదరలేదు. బడి సెలవులకి పుట్టింటికి వెళ్లిన మనిషి బడులు తెరిచినా తిరిగి రాలేదు.

పార్కులో ఉయ్యాల తుప్పు పట్టింది. జారుడుబల్ల అంచు విరిగింది. పాప భరణికి ఇప్పుడు ఎనిమిదేళ్లు, ఆ రెండూ ఆడే వయసు దాటిపోతోంది. ఆమెని నౌపడ నుంచి తెచ్చేది తాత జగన్నాధం. ఈశ్వరి టెక్కలిలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం అక్కడ బేరాలు ఎక్కువ, రావడానికి కుదరదు. అసలు కుదిరినా వచ్చేది కాదేమో.

జగన్నాధం ఆ రోజు కూడా పాపని గేటు లోపల వదిలి, ఎదురుగా సిమెంటు బల్ల మీద కూర్చుని పేపరు తెరిచాడు. ఒకప్పుడు అల్లుడు వస్తున్నాడంటే చేపలు తేవడానికి తనే సంచి పట్టుకుని వెళ్లేవాడు. ఇప్పుడు తలెత్తి చూడడు.

"బాగున్నారా నాన్నా?" అంది భరణి.

ఆ 'మీరు' దగ్గర ధనరాజ్‌కి ప్రతిసారీ ఎక్కడో కలుక్కుమంటుంది. వాళ్లిళ్లల్లో తండ్రిని ఎవరూ మీరు అనరు. ఎవరూ నేర్పి ఉండరు కూడా. బడిలో పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పి ఉంటారు. అతను పెద్దవాళ్ల లెక్కలోకి పోయాడు, అంతే.

"బాగున్నానమ్మా. నువ్వో? టిఫిను తిన్నావా?"

"తిన్నాను."

"బడికి ఎల్తన్నావా?"

"వెళ్తున్నాను."

దారి పొడుగునా అడగాలనుకున్నవన్నీ అక్కడితో అయిపోయాయి. తెచ్చిన బిస్కట్ల పొట్లం విప్పాడు. ఒకటి తీసుకుని, "మీరూ తినండి" అని అతని ముందుకి జరిపింది. సంచిలోంచి హోంవర్కు తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను పక్కన కూర్చుని, ఆమె రాస్తుంటే చూశాడు. మధ్యలో కళ్లు మూతలు పడ్డాయి. ఉలిక్కిపడి లేచేసరికి పాప రాయడం ఆపి అతన్నే చూస్తోంది.

"పడుకోండి, పరవాలేదు" అంది.

ఇన్ని మైళ్లు వచ్చి నిద్రపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది అతనికి. రెండవుతుండగా జగన్నాధం పేపరు మడిచాడు.

ఆ నెల నాలుగో ఆదివారానికి ధనరాజ్ రాలేకపోయాడు. వానలకి ఘాటీలో కొండచరియ జారి రోడ్డు మీద పడింది. వెనకాముందూ లారీలు బారులు తీరిపోయాయి. ఫోనుకి సిగ్నలు లేదు. శనివారమంతా ఆ మలుపులోనే కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి దారి ఇచ్చారు. సాలూరులో లోడు దింపకుండానే బండి పక్కన పెట్టి, ఒంటిమీద బట్టలతోనే బస్సెక్కాడు. శ్రీకాకుళం చేరేసరికి సాయంత్రం అయిపోయింది. పార్కులో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు. అందులో తన పిల్ల లేదని తెలిసినా లోపలికి వెళ్లి ఒకసారి చుట్టూ తిరిగాడు. ఈశ్వరికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే, "అది పడుకున్నాది" అని పెట్టేసింది.

యజమాని మురళీమోహన్ మర్నాడు లోడు దింపనందుకు కోప్పడ్డాడు. ధనరాజ్ తల వంచుకుని విన్నాడు.

తర్వాతి నెల రెండో ఆదివారం కూడా వాన వదల్లేదు. అతను పదికి ముందే పార్కు గేటు దగ్గర నిలబడ్డాడు. గొడుగు కింద తాతా మనవరాలూ వచ్చారు. లోపల కూర్చోవడానికి పొడి చోటు లేదు. పక్కన గ్రంథాలయం వరండాలోకి వెళ్దామని మెట్లెక్కుతుంటే జగన్నాధం కాలు జారింది. రెండు మెట్లు కిందకి పడ్డాడు. లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు. ముఖం పాలిపోయింది. గొడుగు రోడ్డు మీదికి దొర్లింది.

ధనరాజ్ వెళ్లి చంకల కింద చేతులు వేసి లేపబోయాడు.

"ఒద్దు. నాను లేస్తాను" అన్నాడు జగన్నాధం.

"లేవలేవు మావా. కాలు సూడు ఎలగ తిరిగిపోనాదో."

ముసలాయన కాలు వైపు చూసుకున్నాడు. చెయ్యి అతని మెడ చుట్టూ వేశాడు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆదివారం కావడంతో ఎక్స్‌రే దగ్గర ఆలస్యమైంది. చీలమండ దగ్గర ఎముక చిట్లిందన్నారు. కట్టు కట్టడానికి లోపలికి తీసుకెళ్లి, మిగతావాళ్లని వరండాలో ఉండమన్నారు. ధనరాజ్ ఈశ్వరికి ఫోను చేశాడు. ఈసారి ఎత్తింది. విని, "వస్తన్నాను" అంది.

వరండాలో బెంచీ మీద కాస్త చోటు దొరికింది. భరణి తడిసిన గౌను అంచు పిండుకుంటూ కూర్చుంది.

"తాతకి ఏటవుతాది?" అంది చివరికి.

"ఏటవదమ్మా. కట్టు కడతారు. కొన్నాళ్లు నడవకూడదు, అంతే."

"నువ్వు రెండుకి ఎల్లిపోతావా?"

ఆ 'నువ్వు' నోటికి ఎలా వచ్చిందో ఆమెకి తెలియలేదు. అతను గమనించాడు. ఏమీ పైకి కనపడనివ్వలేదు.

"ఎల్లను. మీ అమ్మ వచ్చీదాకా ఇక్కడే ఉంటాను."

"నాలుగయినా?"

"ఎంతయినా."

ఆమె కాస్త దగ్గరికి జరిగింది. తల తుడుద్దామంటే జేబురుమాలు కూడా తడిసిపోయింది. చొక్కా చేతితోనే తుడిచాడు.

"మొన్న ఎందుకు రాలేదు?"

అతను చెప్పాడు. కొండ మీంచి బండలు ఎలా పడ్డాయో, లారీలు ఎంత దూరం ఆగిపోయాయో, ఒరిస్సా డ్రైవరొకడు స్టవ్వు వెలిగించి అందరికీ అన్నం ఎలా వండాడో. ఆమె ముందు ముఖం పక్కకి పెట్టుకునే వింది.

"నేను గేటు దగ్గరే నిలబడ్డాను. నీలం చొక్కా వేసుకుని ఎవరొచ్చినా నువ్వే అనుకున్నాను. తాత రెండయిపోయింది పద అంటే ఇంకొక్క బస్సు చూద్దాం అన్నాను."

ధనరాజ్ తప్పయిపోయిందనడానికి నోరు తెరిచి, ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"ఆ రాత్రి నువ్వు లారీలోనే పడుకున్నావా?" అంది ఆమె.

"లారీలోనే."

"మరి కాళ్లు ఎక్కడ పెడతావు?"

సీటు వెనక ఉండే చెక్క బల్ల గురించి చేతులతో కొలత చూపించాడు. ఎటు తల పెట్టుకుంటాడో, కాళ్లు చాలక తలుపు కిటికీ మీద ఎలా ఆనిస్తాడో చూపించాడు. ఆమె నవ్వింది. ఎవరైనా కాళ్లు పట్టుకుని లాగేస్తేనో అని అడిగింది. అక్కణ్ణుంచి ఆమె మాటలు ఆగలేదు. పింకీ అని తనకో స్నేహితురాలు ఉందట. ఊడిన పన్ను గూట్లో దాచితే చీమలు పట్టాయట. ఉప్పు కొఠార్ల దగ్గరకి బడివాళ్లు తీసుకెళితే టీచరు చూడకుండా ఒక గడ్డ నోట్లో వేసుకుందట, సాయంత్రం దాకా దాహం తీరలేదట. అతను ఊఁ కొడుతూ విన్నాడు. రెండు ఎప్పుడు దాటిందో ఇద్దరూ చూసుకోలేదు.

ఈశ్వరి దుకాణంవాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ చీరలోనే వచ్చింది. పాపని ఒకసారి దగ్గరికి తీసుకుని, లోపలికి వెళ్లి తండ్రిని చూసి, బయటికి వచ్చింది. భరణి తాత మంచం దగ్గరికి వెళ్లింది. ధనరాజూ ఈశ్వరీ మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డారు.

"అది అన్నం తిన్నాదా?"

"పెట్టించినాను. మావకి కూడా ఇడ్లీ ఉంచినాను."

ఆమె ముఖం కూడా నిద్ర లేని ముఖమే. చెంపల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఒకప్పుడు మాటకి ముందు బావా అనేది. ఇప్పుడు ఏ పిలుపూ లేదు.

"ఇంక దీన్ని ఎవరు తెస్తారు? అయ్య లేవడానికి రెండు మూడు నెలలు పడతాదట. నాకు ఆదివారం సెలవివ్వరు."

"నాను నౌపడ వస్తాను. ఇంటికే వచ్చి సూసుకుంటాను."

"ఒద్దు."

"ఏటి, కోర్టు కాగితం అడ్డమా? లాయరు చేత రాయిస్తాను."

"కాగితం కాదు." ఆమె డ్రమ్ము కుళాయి సరిగా కట్టి ఉందో లేదో చూస్తూ మాట్లాడింది. "ఈ ఊళ్లో నువ్వు రాకపోతే మా అయ్యొక్కడే సూస్తాడు. మా వీధిలో రాకపోతే వీధంతా సూస్తాది. మీ నాన రాలేదేటే అని దాన్నే అడుగుతారు. అది ఏటి సెప్పాల?"

"కావాలని రాకుండా ఉంటానా ఈశ్వరీ?"

"ఉండవు. నువ్వు సెడ్డోడివని నాను ఎప్పుడూ అనలేదు. సెప్పిన టైముకి ఉండవు, అంతే. నాకైతే అలవాటైపోనాది. దానికి ఆ అలవాటు సెయ్యలేను. ఈ లైను మీద ఉన్నంతకాలం రావొద్దు."

కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. కోపంగా అనుంటే అతను ఏదో ఒకటి తిరిగి అనేవాడు.

లోపల్నుంచి జగన్నాధం గొంతు వినిపించింది. "దాన్ని అతనికి ఒగ్గీ అమ్మా. నాకు ఓపిక లేదు." పిల్లనో, ఆ నిర్ణయాన్నో, ఆయన దేన్ని వదిలెయ్యమన్నాడో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

నాలుగో ఆదివారం కలవకుండానే గడిచింది. తర్వాతి నెల రెండో ఆదివారం కూడా గడిచింది. లాయరు పిటిషను వేద్దామన్నాడు. వాయిదాలు తిరిగే సరికి పిల్ల ఇంకో తరగతికి పోతుందని ధనరాజ్‌కి తెలుసు. ఫోనులో భరణి, "తాత కుర్చీలో కూర్చుంటున్నాడు" అనీ, "ఊఁ" అనీ తప్ప మాట్లాడదు. ఆసుపత్రి వరండాలో అన్ని మాటలు చెప్పిన పిల్లేనా అనిపించేది. కాళ్లు ఎక్కడ పెడతావని అడగాలంటే మనిషి పక్కన ఉండాలి గాబోలు.

టెక్కలి దగ్గర రాళ్ల క్వారీలో బండి నడిపే కొండబాబు అతనికి పాత స్నేహితుడు. అక్కడ ఒక డ్రైవరు మానేశాడని తెలిసి ధనరాజ్ వెళ్లి మాట్లాడుకుని వచ్చాడు. జీతం తక్కువే. పొద్దున్న ఎక్కితే సాయంత్రానికి దిగిపోవచ్చు. ఆదివారం పని ఉండదు.

మురళీమోహన్ నమ్మలేకపోయాడు. "ఏటిరా, ఇన్నేళ్లు రాయపూర్ లైను కొట్టినోడివి, రాళ్ల బండెక్కుతావా?"

"ఆదివారం సెలవండి."

"నానూ ఇస్తన్నాను కదరా ఆదివారాలు."

"మీరిస్తన్నారు. ఘాటీ ఇవ్వదు కదండీ."

"సరే, కుదరకపోతే తిరిగి వచ్చీ" అన్నాడు మురళీమోహన్.

టెక్కలిలో ఒక రేకుల గది తీసుకున్నాడు. సాయంత్రం దిగేసరికి చెవుల్లో, కనురెప్పల్లో రాతి పొడి. ఎన్ని నీళ్లు పోసుకున్నా పోదు. నౌపడ అక్కడికి ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కితే టీ చల్లారేలోగా చేరిపోవచ్చు. అయినా వెళ్లలేదు. లైను మానేశానని ఈశ్వరికి ఫోను చేసి చెప్పాడు. "సరే. నాలుగో ఆదివారం రా. ఇంటికే రా" అంది. ఆ ఆదివారం వచ్చేదాకా సాయంత్రాలు గది ముందు కూర్చుని, నౌపడ వైపు పోయే ఆటోలని చూస్తూ గడిపాడు.

ఆ రోజు కొండబాబు మోటారుసైకిలు అడిగి తీసుకున్నాడు. భావనపాడు సముద్రం దగ్గరికి తీసుకెళ్లాలనీ, నీళ్లలో ఆడించాలనీ, తిరిగొచ్చేటప్పుడు ఎక్కడైనా భోజనం పెట్టించాలనీ అనుకున్నాడు. ఉప్పు మడుల మధ్య నుంచి వెళ్లే రోడ్డు మీద ఎదురుగాలి కొట్టింది. ముందుగా చేరిపోయాడు. రైల్వే గేటు దగ్గర ఆగి, టీ తాగి, పది అయ్యాకే వీధిలోకి తిప్పాడు.

జగన్నాధం అరుగు మీద కుర్చీలో, కాలు పీట మీద పెట్టుకుని ఉన్నాడు. "రా బాబూ" అన్నాడు. విడిపోయాక ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఎదురింటామె చేట పట్టుకుని బయటికి వచ్చి చూసి లోపలికి వెళ్లింది.

భరణి కొత్త గౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది. చేతిలో రంగు కాగితం చుట్టిన చిన్న పెట్టె ఉంది.

"నాన్నా, ఇవాళ పింకీ పుట్టినరోజు" అంది. అతని ముఖం చూస్తూ నిలబడింది.

"నాను సెప్పినాను బాబూ, మీ నాన వస్తాడు, ఈ పుట్టినరోజులూ అవీ ఒద్దని" అన్నాడు జగన్నాధం. "పొద్దున్నుంచి ఒకటే ఏడుపు."

ధనరాజ్ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎన్ని వారాలు ఎదురుచూశాడో, దేనికి ఏది వదులుకున్నాడో ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. నాకోసం ఒక్క పూట మానెయ్యలేవా అని అడగాలనిపించింది. అడిగితే మానేస్తుంది కూడా. మానేసి, సముద్రం దగ్గర పక్కన కూర్చుని, అడిగినవాటికి జవాబులు చెబుతుంది.

"వాళ్లిల్లు ఎక్కడ?" అన్నాడు.

"స్టేషన్ అవతల."

"పద. నాను దింపుతాను."

ఆమె ఒక్క గెంతులో అరుగు దిగింది. వెనక కూర్చుని అతని చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. దారిలో మెల్లగా పొమ్మనీ, పెట్టె నలుగుతుందనీ చెప్పింది.

పింకీ ఇంటి ముందు బుడగలు కట్టారు. భరణి చెప్పులు విడిచి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది. ధనరాజ్ ఎదురు గోడ నీడలో మోటారుసైకిలు ఆపుకున్నాడు. అక్కడ ఇంకొకాయన కూడా స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు.

"మీ పాప కూడానా?" అన్నాడాయన.

"అవునండి. ఇప్పుడు ఎల్లింది, పసుపు గౌను. మా అమ్మాయే."

"ఆదివారం కూడా ఒక్క గంట పడుకోనివ్వరండి ఈ పిల్లలు" అని ఆవులించాడాయన.

"అవునండి" అన్నాడు ధనరాజ్. అన్నాక, ఆ మాట తనకి కూడా వర్తిస్తుందని కాస్త ఆలస్యంగా తట్టింది.

ఎండ గోడ దాటి వచ్చింది. బండి నీడలోకి మార్చుకున్నాడు. లోపల పిల్లల కేకల్లో భరణి గొంతు ఏదో గుర్తుపట్టడానికి ప్రయత్నించాడు. ఒకసారి గుర్తుపట్టాననుకున్నాడు. కాసేపటికి ఆమె బయటికి తొంగి చూసి, అతను కనిపించగానే మళ్లీ లోపలికి పోయింది. అతను గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి నిద్రపోయినా ఎవరికీ నష్టం లేదనిపించింది.

తిరిగి ఇంటికి చేరేసరికి రెండు కావస్తోంది. సముద్రం ఊసు అతను ఎత్తలేదు. భరణి తాతకి ఆట గురించి చెబుతుంటే ధనరాజ్ అరుగు మీద కూర్చుని విన్నాడు. ఆదివారమైనా దుకాణంలో భోజనానికి వదిలారో, లేక అడిగి వచ్చిందో, ఈశ్వరి ఆటో దిగింది. పాప గౌను మీద కేకు మరకలు చూసింది. అతన్ని చూసింది.

"ఎల్లిందా పార్టీకి?"

"ఎల్లింది. బయట కూకున్నాను."

"అంతసేపూనా?"

"ఊఁ."

ఆమె సంచి లోపల పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి అతనికిచ్చింది. అతను తాగే దాకా నిలబడింది.

"బుధవారం సాయంత్రాలు దీనికి ట్యూషను ఉన్నాది. అయ్య నడవలేడు. పక్కింటోళ్లని ఎన్నాళ్లు అడుగుతాను? నువ్వు దింపగలవా?"

వస్తానని వెంటనే నోటిదాకా వచ్చింది. చెంబు కింద పెట్టి ఆగాడు. సాయంత్రం బండి దిగే వేళ ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. క్వారీ మేస్త్రీ ఒప్పుకుంటాడో లేదో తెలియదు.

"మేస్త్రీని అడగాల. అడిగి రేపు సెప్తాను" అన్నాడు.

ఈశ్వరి వంగి చెంబు తీసుకుంది.

"సరే. అడిగి సెప్పు" అంది.

భరణి అప్పటికే తాత కుర్చీకి తల ఆనించి నిద్రపోయింది. అతను ఆమెని లేపలేదు. బండి చప్పుడుకి లేస్తుందేమోనని వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్లి, అక్కడ స్టార్టు చేశాడు.